వాలు నేలకు ఆరు పాయింట్ల శిక్ష

ఎడిన్‌బరో పక్కనున్న చిన్న పట్టణం బానీరిగ్. అక్కడి బానీరిగ్ రోజ్ ఫుట్‌బాల్ క్లబ్బు 2022 ప్లేఆఫ్‌లో కౌడెన్‌బీత్‌ను ఓడించి స్కాటిష్ లీగ్ టూలో అడుగుపెట్టింది. సొంత మైదానం న్యూ డండాస్ పార్క్ మాత్రం చదునుగా ఉండదు. కంటికి తెలిసేంత వాలు. అది నిబంధనలకు మించిందంటూ 2024 నవంబరులో లీగ్ ఆరు పాయింట్లు కోసింది. ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టు 2025 ప్లేఆఫ్‌లో ఈస్ట్ కిల్‌బ్రైడ్ చేతిలో ఓడి లీగ్ నుంచి బయటపడింది.

ఇలా ప్లేఆఫ్‌తో కింది జట్లకు లీగ్‌లోకి దారి తెరవడం మంచి సంస్కరణే. 2014-15కు ముందు ఆ తలుపే లేదు. ఎంత ఓడినా చివరి జట్టు స్థానం పదిలం. 2016లో ఎడిన్‌బరో సిటీ గెలిచి, దశాబ్దాలుగా లీగ్‌లో ఉన్న ఈస్ట్ స్టర్లింగ్‌షైర్‌ను సాగనంపింది. ఆటలో ఓడి దిగిపోవడం న్యాయం. ఫ్లడ్‌లైట్లు, గేట్లు, ప్రేక్షకుల భద్రత వంటి షరతులూ అవసరమే. నేల వాలుకు ఆటగాళ్లు కష్టపడి తెచ్చుకున్న పాయింట్లు కోయడం మాత్రం మాకు సమ్మతం కాదు. మైదానాన్ని తవ్వి, చదును చేసి, మళ్లీ గడ్డి పరచడం చిన్న క్లబ్బుకు టికెట్ల రాబడితో అయ్యే పనా? ఇలాంటి పనుల ఖర్చులో పెద్ద వాటా లీగే భరించాలి.