కలము కొలువు మారినప్పుడు

పత్రికా కార్యాలయమును విడిచి ప్రచారసంస్థలో చేరిన పాత్రికేయుని నిందించుట సులభము. జీతము సకాలమున రానిచోట సంసారి యెంతకాలము నిలువగలడు? 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక యంతటిది 1991లో మూతపడినది. 2020 నాటి లాక్‌డౌనులో పెక్కు పత్రికలు పుటలను తగ్గించి, ఉద్యోగులను తొలగించినవి. వారిలో కొందఱు ఆన్‌లైను పౌరసంబంధముల వృత్తి నాశ్రయించిరి. పొట్టకూటికై కొలువు మార్చుట నేరము కాదు. కాని కలముతోపాటు పాఠకుని విశ్వాసమును గూడ గొనిపోయి అమ్ముట నేరమని మా యభిప్రాయము.

ఈ భేదము మేడ్చలు, శామీర్‌పేటలలో స్పష్టముగ కానవచ్చును. ఒకప్పుడు ద్రాక్షతోటలుండిన యీ నేలకు జీనోమ్ వ్యాలీ వచ్చినది, నల్సార్ న్యాయవిద్యాలయము వచ్చినది, ఔటర్ రింగు రోడ్డు వచ్చినది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. ఎకరముల లెక్క గజముల లెక్కయైనది. భూమి ధర పెరిగినకొలది భూమిని గూర్చిన మాటకును ధర పెరిగినది. వెంచర్లను పొగడు వీడియోలు, వ్యాసములు నేడు వార్తల వేషమున యూట్యూబు, ఫేస్‌బుక్కులలో సంచరించుచున్నవి. రింగు రోడ్డు ఎన్ని నిమిషముల దూరమో అవి చెప్పును; చెఱువు పూర్తి నీటిమట్టమునకు ప్లాటు ఎన్ని గజముల దూరమో చెప్పవు. ఏ శీర్షికకు కన్ను నిలుచునో, ఏ వాక్యమునకు నమ్మిక కుదురునో పత్రికలో నేర్చిన చేయియే వానిని వ్రాసిన, సామాన్యుడు మోసపోవుటలో వింత యేమి?

ఈ వృత్తి కొత్తది కాదు. అమెరికాలో ఐవీ లీ యను విలేఖరి పత్రికలను వదలి బొగ్గుగనుల యజమానుల పక్షమున పనిచేయుచు, 1906లో తన విధానమును బహిరంగముగ ప్రకటించెను: తన పని రహస్యము కాదు, ఎవరి పక్షమున చెప్పుచున్నాడో దాచడు, చెప్పినది సత్యమో కాదో యెవరైనను విచారింపవచ్చును. ఆ ప్రతిజ్ఞ నేటికిని మెచ్చదగినదే. కాని 1914లో కొలరాడో గనుల సమ్మెవేళ రాక్‌ఫెల్లరుల తరపున ఆయన వెలువరించిన కరపత్రములలో అసత్యములు బయటపడి, ఆయన పేరు చెడినది. ప్రతిజ్ఞ చేయుట వేఱు, జీతమిచ్చువాని యెదుట దానిని నిలుపుకొనుట వేఱు.

మన దేశోద్ధారకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారును వ్యాపారియే. 1893లో స్థాపించిన అమృతాంజనము లాభముతో ఆయన పత్రికను పోషించెను. ఉభయములకును యజమాని యొక్కడేయని లోకమెఱుగును. అచ్చట వ్యాపారము వార్తను పోషించినది. ఇచ్చట వార్త వేషము వ్యాపారమును పోషించుచున్నది.

చట్టము లేకపోలేదు. 2016 నాటి రెరా చట్టము ప్రకారము ప్రకటనలో రిజిస్ట్రేషను సంఖ్య యుండవలెను. అసత్య ప్రకటనను నమ్మి నష్టపోయిన కొనుగోలుదారుకు బిల్డరు పరిహార మీయవలెను. ప్రచారకర్త వ్యాపారితో తనకుగల సంబంధమును వెల్లడింపవలెనని 2022లో కేంద్రము నియమములు చేసినది. కాని ప్రకటన వార్తగ వేషము మార్చుకొన్నప్పుడు దానిని మొట్టమొదట నెఱుగువాడు వ్రాసినవాడే.

కావున కొలువు మారిన మిత్రులకు మా మనవి: మీరు మందులను గూర్చి, విద్యాలయములను గూర్చి, స్థలములను గూర్చి వ్రాయుడు, విషయము తెలియజెప్పుటయు లోకోపకారమే. అయితే సొమ్మిచ్చినవాడెవడో మొదటి పంక్తిలోనే చెప్పుడు. లోపమును దాచుమన్న పనిని నిరాకరింపుడు. పత్రికాధిపతులారా, జీతము సకాలమున ఇయ్యక నీతిని బోధించుట మీకు తగదు. పాఠకమహాశయులారా, బయానా ఇచ్చుటకు ముందు రెరా సంఖ్యను, చెఱువు హద్దును స్వయముగ విచారించుకొనుడు. ప్లాటు పోయిన దావా వేయవచ్చును. అచ్చైన మాటపై జనులకుగల నమ్మకము పోయిన దానిని తిరిగి యిప్పించు న్యాయస్థానము లేదు.