కన్సల్టెంట్ కుర్చీకి రోస్టర్ లేదు

తాడేపల్లిలో హైవే సర్వీసు రోడ్డు పక్కన ఏ టీ బంకు దగ్గరైనా పొద్దున తొమ్మిదిన్నరకు నిలబడండి. మెడలో రెండు రకాల ఐడీ కార్డులు కనబడతాయి. ఒకటి ఔట్‌సోర్సింగ్ వాళ్లది: డేటా ఎంట్రీ ఆపరేటర్లు, అటెండర్లు, డ్రైవర్లు, స్వీపర్లు. రెండోది కన్సల్టెన్సీ కంపెనీల వాళ్లది. భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు, ఫోన్లో ఇంగ్లిషు. పంచాయతీరాజ్ కమిషనరేట్, స్కిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ లాంటి ఆఫీసులు ఇక్కడికి వచ్చాక ఈ రెండు గుంపులూ రోజూ ఒకే గేటులోంచి లోపలికి పోతున్నాయి. ఇద్దరూ కాంట్రాక్టు మనుషులే, ఇద్దరిలో ఎవరికీ పర్మినెంట్ ఉద్యోగం లేదు. కానీ ఒకరు ఫైలు మోస్తారు, ఇంకొకరు ఆ ఫైల్లో ఏముండాలో రాస్తారు.

మొదటి గుంపు విషయంలో రిజర్వేషన్ మాట కనీసం కాగితం మీద ఉంది. 2020 జూలై 3న అప్పటి ముఖ్యమంత్రి ఇదే తాడేపల్లి క్యాంపు కార్యాలయం నుంచి ఆప్కాస్‌ను ప్రారంభించారు. ఏజెన్సీల దోపిడీ లేకుండా కార్పొరేషనే జీతం ఇస్తుందని, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు 50 శాతం ఇస్తామని చెప్పారు. అది ఎంత అమలైందన్నది వేరే చర్చ. నా ప్రశ్న రెండో గుంపు గురించి. విధానం రాసే కన్సల్టెంట్ల విషయంలో ఆ మాట ఏ ప్రభుత్వమూ ఎందుకు అనలేదు? చీపురు పట్టే చోట సామాజిక న్యాయం గుర్తొచ్చి, ప్రజెంటేషన్ ఇచ్చే చోట మరిచిపోవడం యాదృచ్ఛికం అని నేను అనుకోను.

నా అనుభవం ఒకటి చెప్తాను. పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను, ఫెలోషిప్ గడువు దగ్గర పడుతోంది. ఒక సీనియర్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు: ఫలానా ప్రాజెక్టుకు సోషల్ సెక్టార్ కన్సల్టెంట్ కావాలట, సీవీ పంపు అని. పేపర్లో ప్రకటన లేదు, వెబ్‌సైట్లో లేదు. పంపాను. ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ. నా పరిశోధన గురించి ఇరవై నిమిషాలు బాగానే అడిగారు. తర్వాత, "మీ ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్ చెప్పండి" అన్నారు. మా అమ్మ గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుందని చెప్పాను. రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. "వెరీ ఇన్‌స్పైరింగ్" అన్నారు. ఆ తర్వాత ఫోన్ రాలేదు. నాకన్నా మంచి అభ్యర్థి దొరికి ఉండొచ్చు. అది కులం వల్లేనని నేను రుజువు చేయలేను. పోస్టు ఎప్పుడు పడిందో, ఎంతమంది అప్లై చేశారో, ఎవరికి వచ్చిందో తెలుసుకునే దారే లేనప్పుడు రుజువు అన్న మాటకు అర్థం ఏముంది?

ఆ ప్రశ్న నా ఒక్కడికే ఎదురైంది కాదు. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007లో పెద్ద కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడి రాసిన వ్యాసం కన్సల్టెన్సీలవైపు చూసే ప్రతి విద్యార్థీ చదవాలి. మేం మెరిట్ మాత్రమే చూస్తాం, కులం చూడం అని చెప్పిన మేనేజర్లే, అభ్యర్థి కుటుంబ నేపథ్యం ముఖ్యమని కూడా చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరెవరు చదువుకున్నారు, ఏ ఊరు. కులం పేరెత్తకుండా కులం అడగడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఉండదు. అదే ఏడాది సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ఇంకో ప్రయోగం చేశారు. పేపర్ ప్రకటనలకు ఒకే అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి దరఖాస్తులు పంపారు. దళిత పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం సవర్ణ పేరున్న దానికన్నా మూడో వంతు తక్కువని తేలింది. ముస్లిం పేరుకు ఇంకా దారుణం. అది బహిరంగంగా ప్రకటన ఇచ్చిన ఉద్యోగాల సంగతి. తెలిసినవాళ్ల ద్వారా నడిచే ఉద్యోగాల్లో దరఖాస్తు పంపే దశ వరకు కూడా మనం పోం. వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 93 శాతం డైరెక్టర్లు అగ్రవర్ణాలవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. "తెలిసినవాళ్లు" అంటే ఎవరో ఆ అంకె చెప్తుంది.

ఇప్పుడు అసలు మెలికకు వద్దాం. ప్రభుత్వం మనిషిని ఉద్యోగంలో పెట్టుకుంటే అది నియామకం. 16(4) అధికరణం, రోస్టర్, బ్యాక్‌లాగ్ అన్నీ దాని వెంట వస్తాయి. కేంద్రంలో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాలకూ రిజర్వేషన్ వర్తిస్తుంది. కానీ కంపెనీ ద్వారా వచ్చిన కన్సల్టెంట్ చట్టం దృష్టిలో నియామకమే కాదు, కొనుగోలు. కంప్యూటర్లు, కుర్చీలు కొన్నట్టే సేవను టెండరు పిలిచి కొంటారు. కేంద్రంలో 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో కన్సల్టెన్సీ సేవలు కొనుగోళ్ల అధ్యాయంలోనే ఉన్నాయి. కంపెనీ టెక్నికల్ ప్రతిపాదనకు కొన్ని మార్కులు, ధరకు కొన్ని మార్కులు. ఆ టెక్నికల్ మార్కుల్లో టీమ్ లీడర్, నిపుణుల సీవీలకూ వాటా ఉంటుంది: ఏ సంస్థలో ఎంబీఏ, ఇలాంటి ప్రాజెక్టులు ఎన్ని చేశాడు. అంటే ఇంతకుముందు లోపలికి పోయినవాడికే మళ్లీ లోపలికి పోయే అర్హత. నియామకాల పుస్తకంలో ఉన్న రాజ్యాంగం కొనుగోళ్ల పుస్తకంలోకి వచ్చేసరికి మాయమైపోతుంది.

2024 ఆగస్టులో లేటరల్ ఎంట్రీ మీద జరిగింది గుర్తు చేసుకోండి. ఆగస్టు 17న యూపీఎస్సీ 45 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. జాయింట్ సెక్రటరీలు 10, డైరెక్టర్, డిప్యూటీ సెక్రటరీలు 35. ఒక్కోటీ ఒంటరి పోస్టు కాబట్టి రిజర్వేషన్ లేదన్నారు. గొడవైంది. మూడు రోజులకే, 20న, మంత్రి జితేంద్ర సింగ్ సామాజిక న్యాయం పేరు చెప్పి ప్రకటన ఉపసంహరించమని లేఖ రాశారు. మనవాళ్లు దాన్ని విజయం అన్నారు, కొంతవరకు విజయమే. అయితే 2018 నుంచి అప్పటికే 63 మంది అదే దారిలో వచ్చారు. అదీకాక అక్కడ రద్దు చేయడానికి ఒక ప్రకటన ఉంది, నిలదీయడానికి యూపీఎస్సీ ఉంది. కన్సల్టెన్సీలో రద్దు చేయమని అడగడానికి ప్రకటనే లేదు. 2017 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు 16 కేంద్ర మంత్రిత్వ శాఖలు ఐదు పెద్ద కంపెనీలకు మూడు వందలకు పైగా పనులు అప్పగించాయని, వాటి విలువ 500 కోట్లు దాటిందని సమాచార హక్కు ద్వారా బయటికి వచ్చింది. వాటి మీద ఏ కోచింగ్ సెంటర్ ముందూ ధర్నా జరగలేదు.

మన రాష్ట్రంలో ఈ కథ పాతదే. చంద్రబాబు విజన్ 2020 రాసింది మెకిన్సీ. మూడు రాజధానుల వాదానికి ఊతంగా 2020 జనవరి 3న జగన్ చేతికి వచ్చిన నివేదిక బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌ది. జెండాలు మారాయి, పద్ధతి మారలేదు. సలహాదారుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు, 2022లో దేవాదాయ శాఖ సలహాదారు నియామకం మీద హైకోర్టు స్టే ఇచ్చేదాకా పోయింది. రాజధాని భూసమీకరణలో అసైన్డ్ రైతుకు పట్టా రైతుకన్నా తక్కువ ప్లాట్లు ఎందుకు అని దళితులు ఏళ్ల తరబడి అడిగారు. అసైన్డ్ పట్టా కాగితాన్ని ట్రంకు పెట్టెలో దాచుకున్న ఇంటి నుంచి వచ్చిన మనిషి మ్యాపులు గీసే బల్ల దగ్గర ఎవరైనా ఉన్నారా? ఉంటే అన్యాయం జరిగేది కాదని నేను అనను. కనీసం ప్రశ్న ఆ గదిలోనే లేచేది.

ఇటు మనం ఎక్కడ పోరాడుతున్నాం? గ్రూప్-2లో 905 పోస్టులు. రోస్టర్ తప్పుందని అభ్యర్థులు రోడ్డెక్కారు, కోర్టుకెళ్లారు, ఆ గొడవ మధ్యనే 2025 ఫిబ్రవరి 23న మెయిన్స్ జరిగింది. అదే ఏడాది ఏప్రిల్లో ఎస్సీల 15 శాతాన్ని 1, 6.5, 7.5గా విభజిస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. వర్గీకరణ మాదిగ, రెల్లి కులాల న్యాయమైన డిమాండ్, దాని మీద నాకు రెండో మాట లేదు. కానీ కుండలో వాటాలు తేల్చుకునేలోపు అన్నం పక్క గదిలో వడ్డిస్తున్నారు. ఆ సంగతి మాలా మాట్లాడటం లేదు, మాదిగా మాట్లాడటం లేదు.

ఆ గదిలో వడ్డన కూడా మామూలుగా ఉండదు. నీతి ఆయోగ్ మార్గదర్శకాల్లో యంగ్ ప్రొఫెషనల్‌కు నెలకు 70 వేలు, సీనియర్ కన్సల్టెంట్‌కు 3.30 లక్షల దాకా ఉంది. సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 42 వేలు. మన మున్సిపల్ కార్మికులు, అందులో ఎక్కువమంది మనవాళ్లే, 2023 డిసెంబరు చివర సమ్మెకు దిగి, సంక్రాంతి ముందు దాకా చెత్త ఎత్తకుండా నిలబడితే ఒప్పుకున్నది 21 వేలు. కంపెనీ కన్సల్టెంట్‌కు ప్రభుత్వం నుంచి వచ్చే నెలవారీ రేటులో మనిషి చేతికి అందేది కొంతే, మిగతాది కంపెనీది. విడిగా కన్సల్టెంట్‌గా చేరితే పది శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, ప్రాజెక్టు ముగిస్తే ఇంటికే. నెలనెలా ఇంటికి డబ్బు పంపాల్సిన మనలాంటివాళ్లకు ఆ రిస్కు, తండ్రికి హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లున్నవాడికి ఉండే రిస్కు ఒకటి కాదు.

అయినా తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ పనులు వద్దని నేను చెప్పను. వెళ్లండి. ప్రకటన కోసం ఎదురుచూడొద్దు. శాఖల వెబ్‌సైట్లలో, టెండర్ల పోర్టల్లో కన్సల్టెన్సీ టెండరు పత్రాలు ఉంటాయి, వాటిలో టీమ్ కూర్పు అన్న పేజీ చూడండి. ఏ నిపుణుడు కావాలి, ఎన్నేళ్ల అనుభవం, అంతా అక్కడే ఉంటుంది. టెండరు ఎవరికి దక్కిందో తెలియగానే ఆ కంపెనీకి నేరుగా సీవీ పంపండి, అప్పుడు వాళ్లకు మనుషులు తొందరగా కావాలి. ముందు చేరినవాళ్లు వాట్సాప్ మెసేజ్ మన గ్రూపుల్లో కూడా పెట్టండి. వాళ్ల నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ మనది కట్టుకోకపోతే ఎట్లా?

డిమాండ్ మాత్రం ప్రభుత్వం మీదే పెట్టాలి. కొనుగోళ్లలో సామాజిక న్యాయం కుదరదన్నది అబద్ధం. 2012 కేంద్ర విధానం ప్రకారం మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలి. కర్ణాటకలో ప్రభుత్వ పనుల కాంట్రాక్టుల్లో ఎస్సీలకు 17.15, ఎస్టీలకు 6.95 శాతం చట్టంలోనే ఉంది, 2023లో ఆ పరిమితిని కోటి రూపాయల పనుల దాకా పెంచారు. సిమెంటు రోడ్డుకు కుదిరింది సీవీకి ఎందుకు కుదరదు? టెండరు పత్రంలో ఒక క్లాజు చాలు: టీమ్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీలు ఎంతమందో చెప్పాలి, దానికి మార్కులు ఉండాలి.

అంతకన్నా ముందు లెక్క తేలాలి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి శాఖా తన అధికారుల, ఉద్యోగుల నెల జీతాలు తనంతట తానే ప్రకటించాలి. కన్సల్టెంట్లు ఆ జాబితాలోకి రారు, వాళ్లు కొనుగోలు కదా. అందుకని దరఖాస్తు విడిగా పెట్టాలి. నేను తాడేపల్లిలోని ఒక ఆఫీసుకు మూడు ప్రశ్నలతో పెట్టాను: ఎంతమంది కన్సల్టెంట్లు ఉన్నారు, ఏ టెండరు ద్వారా వచ్చారు, వారి సామాజిక వర్గం ఏమిటి. మొదటి రెండింటికీ అంకెలు వచ్చాయి. మూడోదానికి "అట్టి సమాచారము ఈ కార్యాలయమునందు లభ్యము కాదు" అని ఒక్క వాక్యం వచ్చింది. అప్పీలు రాస్తున్నాను.