‘ఉచితం’గా పోయిన పన్నెండు వందల పౌండ్లు

ఇంగ్లండులోని లెస్టర్‌లో చిన్న టిఫిన్ హోటలు నడుపుతున్న ఒక తెలుగు మిత్రురాలు ఈమధ్య కరెంటు బిల్లుల కట్ట నా ముందు పెట్టింది. "ఇందులో నాకు తెలీకుండా ఎవరికో డబ్బు పోతోందటక్కా, కాస్త చూడవా" అంది. వలస వెళ్ళిన స్త్రీలతో ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్నాను. పెళ్ళి గురించీ, హింస గురించీ, వీసా గురించీ అడిగాను గానీ కరెంటు బిల్లు చూపించమని ఏ ఒక్కరినీ అడగలేదు.

జరిగిందిది. 2023లో మధ్యాహ్నం రద్దీవేళ ఒక దళారీ ఫోను చేశాడు. తక్కువ ధరకు కరెంటు ఇప్పిస్తాననీ, తన సేవ పూర్తిగా ఉచితమనీ చెప్పాడు. ఒకచేత్తో దోసె తిప్పుతూ ఈమె "యెస్, యెస్" అంది. అంతే, మూడేళ్ళ ఒప్పందం. వ్యాపారానికైతే అక్కడ నోటిమాట కూడా చెల్లుతుంది.

మన మార్కెట్ యార్డులో దళారీ కమిషను కనీసం తక్‌పట్టీలో కనిపిస్తుంది. ఇక్కడ అది యూనిట్ ధరలోనే కలిసిపోయింది. యూనిట్‌కు 2 పెన్సులు. ఏడాదికి 20,000 యూనిట్లు వాడే హోటలుకి మూడేళ్ళలో 1,200 పౌండ్లు. సరఫరా కంపెనీ ఆమె దగ్గర వసూలుచేసి అతనికిస్తుంది.

ఇంటి కనెక్షన్‌కు ఫోనులో ఒప్పుకుంటే 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. హోటలుకు ఆ హక్కు లేదు. ఎందుకంటే చట్టం దృష్టిలో ఆమె ‘వ్యాపారి’, దళారీ కూడా వ్యాపారే, ఇద్దరూ సమానులే! నాకు ఒళ్ళు మండేది ఈ సమానత్వం దగ్గరే.

అలాగని చట్టం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇలాంటి చిన్న సంస్థల ఒప్పందాల్లో దళారీ రుసుము చూపించాలని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2022లోనే నిబంధన పెట్టింది. ఈమె ఒప్పందంలోనూ ఆ అంకె ఉంది. అయితే ఆ కాగితాలు వెళ్ళింది భర్త ఈమెయిలుకు. లీజు ఆమె పేరున, బిల్లు ఆమె పేరున, సమాచారం మాత్రం ఆయనకు! "పోనిద్దూ, గొడవెందుకు" అన్నాడట ఆయన.

గొడవ ఎలా పడాలో కూర్చుని తేల్చుకున్నాం. బిల్లు కట్టడం మానకూడదు, మానితే కరెంటు తీసేస్తారు. ముందు దళారీకే తేదీ వేసి ఫిర్యాదు రాయాలి. మొత్తం కమిషనెంత, తన తరఫున సంతకం చేసే అధికారం ఇచ్చినట్టు కాగితమేదైనా ఉందా అని అడగాలి. ఆనాటి ఫోను రికార్డింగు కూడా అడగాలి. తన గొంతున్న రికార్డింగును కోరే హక్కు డేటా రక్షణ చట్టం ఆమెకిచ్చింది. ‘ఉచితం’ అన్న మాటకు సాక్ష్యం అదే. ఎనిమిది వారాల్లో తేలకపోతే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. దానికి ఖర్చులేదు. అక్కడి తీర్పును ఆమె ఒప్పుకుంటే దళారీ దానికి కట్టుబడాలి.

ఇదంతా వకీళ్ళ పని, మనకెందుకనే మాట మన సంఘాల్లోనే విన్నాను. కొట్టిన దెబ్బకు కేసు రాయించే మనం, ఆమె రెక్కల కష్టంలోంచి జారిపోయే పెన్సుల్ని లెక్కగట్టడం చిన్నపనిగా ఎందుకు చూస్తాం?

ఆరోవారంలో జవాబొచ్చింది. రికార్డింగు ‘దొరకడం లేదు’ట. ఇంకో రెండు వారాలాగి ఆంబుడ్స్‌మన్‌కు రాస్తానంది. అందుకోసం తన పేరుతో కొత్త ఈమెయిలు తెరుచుకుంది.