ర్యామ్ చాలట్లేదా? చెడిపోయిందా?

రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్. "అన్నా, నా ల్యాప్‌టాప్ పోయింది!" కాకినాడలో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాడు. నాలుగు రోజుల్లో ప్రాజెక్ట్ రివ్యూ. ఉన్నట్టుండి నీలం స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయిపోతోందట. షాపులో చూపిస్తే 'మదర్‌బోర్డ్ పోయింది, కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కో' అన్నారట. బాబాయి ఈ నెల చీటీ పాడేద్దామని చూస్తున్నాడు.

నిజం చెప్పాలంటే మొదట నేనూ తప్పే చెప్పా. "క్రోమ్‌లో ఎన్ని ట్యాబ్‌లు తెరిచావ్‌రా? మూసెయ్" అన్నా. మూసేశాడు. పది నిమిషాల్లో మళ్లీ నీలం స్క్రీన్!

'మెమరీ ప్రాబ్లమ్' అని ఒకే పేరు పెట్టేస్తాం గానీ, అవి మూడు వేర్వేరు జబ్బులు. ఒకటి, ర్యామ్ చాలకపోవడం. రెండు, ఏదో ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం. దీన్నే మెమరీ లీక్ అంటారు. మూడు, ర్యామే చెడిపోవడం. మొదటి రెండింటికీ సిస్టమ్ నత్తలా నడుస్తుంది. మూడోదైతే ఒక్కోసారి ఒక్కో ఎర్రర్‌తో కూలిపోతుంది.

తేడా ఎలా తెలుస్తుంది? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడమన్నా. 16 జీబీలో 7 కూడా నిండలేదు. అంటే కొరత కాదు. మీ దాంట్లో నిండుగా కనిపిస్తే, ప్రాసెసెస్‌లో మెమరీ అన్నచోట నొక్కండి. ఎక్కువ తినేవి పైకొస్తాయి. మీరేమీ చేయకపోయినా ఒకదాని అంకె గంటగంటకీ పెరుగుతుంటే లీక్‌ని అనుమానించాలి. ఆ ప్రోగ్రామ్ మూసి, అప్‌డేట్ చేసి చూడండి. ర్యామ్ క్లీనర్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో విండోస్ మళ్లీ అవసరమయ్యే ఫైళ్లు దాచుకుంటుంది. దాన్ని ఊడ్చేస్తే వేగం తగ్గే అవకాశమే ఎక్కువ.

"ఈమధ్య ఏమైనా మార్చావా?" అనడిగా. కాసేపు సైలెన్స్. "నెల క్రితం సెకండ్ హ్యాండ్‌లో 8 జీబీ ర్యామ్ కొని వేశానన్నా..." దొరికాడు దొంగ!

ముందు ప్రాజెక్ట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయమన్నా, పాత బ్యాకప్‌ని మాత్రం ముట్టుకోవద్దన్నా. ఎందుకంటే చెడిన ర్యామ్ మీదుగా సేవ్ అయిన ఫైల్ కూడా పాడయ్యే ప్రమాదముంది. అనుకున్నట్టే ఒక జిప్ తెరుచుకోలేదు. వారం కిందటి డ్రైవ్ కాపీయే కాపాడింది.

తర్వాత స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయించా. రీస్టార్ట్ అయ్యాక ఎఫ్1 నొక్కి, ఎక్స్‌టెండెడ్ ఎంచుకోవాలి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఇందులో ఏమీ దొరక్కపోయినా అనుమానం తీరకపోతే, పెన్‌డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ఉంది. దాని ఫ్రీ వెర్షన్ చాలు.

పొద్దున్నే మెసేజ్: "హార్డ్‌వేర్ ప్రాబ్లమ్ అని చూపిస్తోందన్నా." షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్షన్ కూడా పీకి, ఒక్కో ర్యామ్‌నే ఒక్కో స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయమన్నా. లెక్క సింపుల్. ఎర్రర్ ర్యామ్ వెంట నడిస్తే తప్పు ర్యామ్‌ది. స్లాట్ దగ్గరే ఉండిపోతే బోర్డుది. మనవాడి కొత్త ర్యామ్ ఏ స్లాట్‌లో పెట్టినా ఎర్రరే. పాతది రెండింట్లోనూ పాస్.

మీరూ ఇలా తెరవాలనుకుంటే ముందు వారంటీ చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, దాన్ని తీయలేం.

పాత 8 జీబీతోనే రివ్యూ అయిపోయింది. కాస్త స్లో, అంతే. బాబాయి చీటీ పాడలేదు. ఇప్పుడు హాస్టల్లో ఎవరి ల్యాప్‌టాప్ మొరాయించినా మావాడే డాక్టరట!

మీ ఇంట్లోనూ 'బోర్డు పోయింది' అని ఎవరైనా తేల్చేస్తే, పర్సు తీసేముందు ఒక్క రాత్రి ఆగండి. టెస్ట్ పెట్టి పడుకోండి.