మన ఖ్వాబులు మన గురించే

రాత్రి ఖ్వాబ్‌లో పామో, ఊడిన పన్నో, నల్లటి నీళ్ళో కనిపిస్తే చాలు, తెల్లారేసరికి మన ఇళ్ళల్లో ఒకటే సవాల్: ఎవరు చేయించారు? పక్కింటివాళ్ళా, ఆడపడుచా, దుబాయ్ నుంచి దిగిన తోడికోడలా? ఒకప్పుడు ఈ సవాల్ దాదీ దగ్గరికి వెళ్ళేది. ఆమె "ఖైర్ హై బేటా, సద్ఖా తీసెయ్" అని పంపేసేది. ఇప్పుడు నేరుగా ఫోన్‌లోకి వెళుతోంది. ఖ్వాబ్ మే సాంప్ అని కొట్టగానే, వెనక కాబా బొమ్మ పెట్టుకుని కూర్చున్న ఒకాయన, దుష్మన్ మీ ఇంట్లోనే ఉన్నాడంటాడు. కింద వాట్సాప్ నంబర్ ఉంటుంది.

ఖ్వాబులు నమ్మొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. సూరా యూసుఫ్ చదివే ఉమ్మత్ ఖ్వాబును కొట్టిపారేయలేదు. 111 ఆయతుల ఆ సూరాలో పదకొండు నక్షత్రాలను చూసిన ఒక పిల్లాడు ఉన్నాడు, జైల్లో ఇద్దరు ఖైదీలు ఉన్నారు, ఏడు బలిసిన ఆవులను ఏడు బక్క ఆవులు తినడం చూసి హైరాన్ అయిన ఒక బాద్షా ఉన్నాడు. నా షికాయత్ వేరే. తాబీర్ అనే ఇల్మ్‌ను మనం ముఖం చూసుకునే అద్దంలా వాడటం మానేశాం. దుర్బీను చేసి పక్కింటి కిటికీ మీదికి తిప్పుతున్నాం.

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) రివాయత్ ఉంది. ఖ్వాబులు మూడు రకాలని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. అల్లాహ్ నుంచి వచ్చే ఖుష్‌ఖబరీ ఒకటి. మనిషిని బాధపెట్టడానికి షైతాన్ చూపించేది ఇంకొకటి. మూడోది, మనిషి తనలో తాను మాట్లాడుకునే మాట. మొదటి రెండిటి మీద గంటల తరబడి బయాన్లు వింటాం. మూడోదాని ప్రస్తావన వచ్చేసరికి మౌలానా గారికి టైమ్ అయిపోతుంది. నన్నడిగితే మనలాంటి మామూలు గునాగార్ల ఖ్వాబులు చాలావరకు ఆ మూడో ఖాతాలోవే.

అమీర్‌పేటలో ఉండేవాళ్ళకు దీనికి వేరే దలీల్ అక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్ళలో గదికి నలుగురైదుగురు పిల్లలు. జావా, టెస్టింగ్, డేటా సైన్స్ అంటూ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. మా గల్లీ మసీదు మెట్ల మీద అసర్ తర్వాత పరిచయమైన నంద్యాల వైపు కుర్రాడికి ఒకే ఖ్వాబ్ పదే పదే వస్తోంది. మెట్రోలో ఉంటాడు. అమీర్‌పేట స్టేషన్‌లో తలుపులు తెరుచుకుంటాయి, కాళ్ళు కదలవు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్ అన్నీ దాటిపోతుంటాయి. ప్రతి ప్లాట్‌ఫారం మీదా వాళ్ళ అబ్బా చేతిలో టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంటాడు. ఎవరో ఆమిల్‌కు చెబితే రోజీ మీద బందిష్ ఉంది, తావీజ్‌కు 5,100 అవుతుందన్నాడట.

నేనేం ఆలిమ్‌ను కాదు. ఒక్క మాట అడిగాను: "అబ్బాకు చెప్పాల్సింది ఏమైనా ఉందా బేటా?" చాలాసేపు చెప్పుల వైపు చూశాడు. "రెండు నెలల నుంచి క్లాసుకు పోవట్లేదు చాచా. ఫీజు మాత్రం ఇంటి నుంచి వస్తోంది." తాబీర్ నేను చెప్పలేదు, వాడే చెప్పుకున్నాడు. బందిష్ ఉన్న మాట నిజమే. అది ఎక్కడుందో ఆమిల్‌కు తెలియలేదు, అంతే.

ఇది ఈ కాలం సైకాలజీ కదా, దీన్‌లో ఎక్కడుంది అంటారేమో. బుఖారీలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఖ్వాబ్ ఉంది. అప్పటికి ఆయన పెళ్ళికాని నౌజవాన్, మస్జిదె నబవీలోనే పడుకునేవారు. అందరూ తమ ఖ్వాబులు ప్రవక్త (స)కు చెప్పుకుంటుంటే తనకూ ఒకటి రావాలని ఆశపడేవారు. ఒక రాత్రి వచ్చింది. ఇద్దరు ఫరిష్తాలు ఆయన్ను జహన్నం దగ్గరికి తీసుకెళ్ళారు. అది బావిలా కట్టి ఉంది, అందులో తనకు తెలిసిన మనుషులు కనిపించారు. ఇంకో ఫరిష్తా వచ్చి భయపడకు అన్నాడు. ఈ ఖ్వాబును ఆయన అక్క హజ్రత్ హఫ్సా (రజి)కు చెప్పుకున్నారు, ఆమె ప్రవక్త (స)కు చెప్పారు. వచ్చిన జవాబ్ ఏమిటి? అబ్దుల్లాహ్ మంచి మనిషి, రాత్రిపూట నమాజ్ కూడా చేస్తే బాగుండును అని. ఆ తర్వాత ఆయన రాత్రులు చాలా తక్కువ పడుకునేవారట.

ఇక్కడ నన్ను ఆపేసే విషయం ఒకటుంది. ఆ మంటల్లో కనిపించిన తెలిసినవాళ్ళు ఎవరన్నది ఆ జవాబులో లేనే లేదు. మనమైతే ముందు వాళ్ళ పేర్లే అడిగేవాళ్ళం. మొహల్లా అంతా తెలిసేది. అక్కడ ఖ్వాబ్ చూసినవాడి గురించే మాట్లాడారు. అదీ తిట్టి కాదు, ముందు మెచ్చుకుని.

బస్రాకు చెందిన ఇమామ్ ఇబ్నె సీరీన్ పేరు మన అందరికీ తెలుసు. హిజ్రీ 110లో వఫాత్ అయ్యారు. ఆయన పేరు మీద అమ్ముడయ్యే లావుపాటి తాబీర్‌నామా ఆయన రాసింది కాదని, ఆయన పోయిన చాలాకాలానికి తయారైందని పరిశోధకులు అంటారు. ఆయన గురించి చెప్పే ఒక వాకియా మాత్రం ఆ కితాబు మొత్తానికి సరిపోతుంది. ఇద్దరు మనుషులు వచ్చి ఒకటే ఖ్వాబ్ చెప్పారు, నేను అజాన్ ఇస్తున్నాను అని. ఒకరికి నీకు హజ్ నసీబ్ అవుతుందన్నారు. ఇంకొకరికి నువ్వు దొంగతనంలో పట్టుబడతావన్నారు. ఖురాన్‌లో హజ్ కోసం చేసిన ఎలాన్ ఉంది, యూసుఫ్ (అలై) కథలో దొంగల మీద చేసిన ఎలాన్ కూడా ఉంది. మనిషి హాల్ చూసి ఏది ఎవరిదో తేల్చారు. మరి నీ ముఖం చూడకుండా, నీ ఇల్లు తెలియకుండా, పాము అంటే దుష్మన్ అని లక్షమందికి ఒకే జవాబ్ ఇచ్చే వీడియోను ఏమనాలి?

హజ్రత్ అబూబకర్ (రజి) అంతటివారు ప్రవక్త (స) ఎదుటే ఒక ఖ్వాబుకు తాబీర్ చెబితే, కొంత సరిగ్గా చెప్పావు, కొంత తప్పావు అన్నారు. ఏది తప్పో చెప్పమని కసమ్ వేసి అడిగినా చెప్పలేదు. ఈ హదీస్ చదివాక కూడా ఖ్వాబ్ మీద ఖచ్చితంగా మాట్లాడేవాళ్ళ ధైర్యానికి సలామ్.

ఇంతసేపూ ఇదంతా చెప్పింది ఇస్తిఖారా మాట ఎత్తడానికే.

పంజాగుట్ట దగ్గర మాకు తెలిసిన ఇంట్లో పెద్దమ్మాయి. చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళలో మూడు రిష్తాలు వచ్చాయి. మూడోది జోడే కీ రఖం దాకా వచ్చాక ఫోన్: "ఇస్తిఖారా సరిగ్గా రాలేదు బహెన్, బురా మత్ మానో." అబ్బాయి అమ్మీకి ఖ్వాబ్‌లో పాము కనిపించిందట. ఈ జవాబుకు మారు జవాబ్ లేదు. కట్నం చాల్లేదంటే మాట్లాడొచ్చు, రంగు తక్కువంటే తిట్టుకోవచ్చు. అల్లాహ్ వద్దన్నాడంటే ఏం మాట్లాడతారు? ఆ ఖబర్ మొహల్లాలో తిరిగేసరికి, రావాల్సిన నాలుగో రిష్తా గడప దాకా కూడా రాలేదు. పాతికేళ్ళ ఆ పిల్ల ఇప్పుడు తనను తానే మనహూస్ అనుకుంటోంది.

ఇస్తిఖారా నేర్పిన హదీస్ హజ్రత్ జాబిర్ (రజి)ది, బుఖారీలో ఉంది. రెండు రకాతుల నఫిల్, తర్వాత ఒక దువా. ఈ పనిలో ఖైర్ ఉంటే నాకు ఆసాన్ చెయ్యి, షర్ ఉంటే దాన్ని నా నుంచీ నన్ను దాని నుంచీ తప్పించు అని అడగడం. అంతే. అందులో ఖ్వాబ్ మాటే లేదు. తెలుపు, పచ్చ కనిపిస్తే మంచిది, నలుపు, ఎరుపు కనిపిస్తే చెడ్డది అనేది తర్వాతి కాలం కితాబుల్లో కొందరు బుజుర్గుల మాటగా వచ్చింది. వాళ్ళ అనుభవం వాళ్ళది, కాదనను. కానీ దాని మీద ఒక ఆడపిల్ల పేరు బద్‌నామ్ చేసే హక్కు ఎవరిచ్చారు?

ఆ తల్లి ఖ్వాబుకు తాబీర్ చెప్పడానికి నేనెవరిని? నాకు తోచే సవాల్ మాత్రం ఉంది. ఒక్కగానొక్క కొడుకు ఇంకొకరి చేతిలోకి వెళ్ళబోతున్నాడు, ఆ వారంలో ఏ అమ్మీకైనా నిద్రలో మల్లెపూలే కనిపిస్తాయా? ఆ ఖౌఫ్ ఆమెది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని "నాకు భయంగా ఉంది బేటా" అని ఉంటే సరిపోయేది. ఆ మాట నోటికి రాక, అది పామై ఇంకొకరి గడప ఎక్కింది. ఇక కాదనడానికి బహానా దొరక్క చూడని ఖ్వాబ్ చూశామని చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఖయామత్‌లో రెండు బార్లీ గింజలు ముడివేయమని హుకుం అవుతుందని హదీస్ ఉంది. ముడి పడదు.

మన షహర్‌కు ఖ్వాబులు కొత్త కాదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా దర్బారులోని యాకూత్ అనే ఖ్వాజాసరా జబ్బుపడి ఉండగా, పచ్చ బట్టలాయన తనను గుట్ట మీదికి హజ్రత్ అలీ (రజి) దగ్గరికి తీసుకెళ్ళినట్టు చూశాడని, పొద్దున వెళితే రాతి మీద పంజా గుర్తు దొరికిందని మౌలాలి కథ. అది ఊరందరి ఖ్వాబ్ అయిపోయింది. టిప్పూ సుల్తాన్ దారి వేరు. తన ఖ్వాబులు 37 తన చేత్తోనే ఫార్సీలో రాసుకుని ఎవరి కంటా పడకుండా దాచుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అంగ్రేజులకు దొరికింది, ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఒకదాంట్లో మగ వేషంలో ఉన్న ఒకరు పగిడీ తీస్తే ఆడమనిషని తేలుతుంది. మరాఠాలు ఇంతే అని ఆయన తాబీర్ రాసుకున్నాడు. దాన్ని యుద్ధం గురించిన ఖబర్ అనుకున్నాడు. ఇవాళ మనకు అందులో మరాఠాలు కనిపించరు. నిద్రలో కూడా జంగ్ దిగని ఒక మనిషి దిల్ కనిపిస్తుంది.

అంతటి సుల్తాన్‌కు కుదిరిన పని మనకూ కుదురుతుంది. ఫజర్ తర్వాత ఫోన్ ముట్టుకునే ముందు రెండు లైన్లు రాసుకోవచ్చు. ఏం చూశాను అన్నదాని కంటే, చూస్తున్నప్పుడు ఎలా అనిపించింది, నిన్న ఏం దాచాను, ఎవరి హక్ నా మీద ఉంది అని. మంచి ఖ్వాబైతే మన మేలు కోరేవాళ్ళకే చెప్పమన్నారు. యాకూబ్ (అలై) తన కొడుకుకు, ఈ ఖ్వాబ్ అన్నలకు చెప్పొద్దన్నారు. మనం ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నాం. చెడ్డదైతే ఎడమవైపు మూడుసార్లు ఉఫ్‌మని, అల్లాహ్ పనాహ్ అడిగి, పక్క మార్చి పడుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. ఒక బద్దూ వచ్చి, నా తల తెగి దొర్లిపోతుంటే దాని వెనక పరిగెత్తాను అంటే ప్రవక్త (స) నవ్వి, షైతాన్ ఆటలు జనానికి చెప్పకు అన్నారు. ఎంత తేలిక చేశారో చూడండి. దానికి 5,100 ఎవరూ అడగలేదు.

అదే ఖ్వాబ్ వారాల తరబడి నిద్ర లేపుతుంటే, పగలు కూడా ఖౌఫ్ వదలకపోతే, వజూతో పాటు డాక్టర్ కూడా కావాలి. పంజాగుట్ట దాకా బీపీకి వెళ్ళేవాళ్ళం, నిద్రకూ వెళ్ళొచ్చు. మసీదులో ఎవరైనా చూస్తారని షరమ్ అక్కర్లేదు. వాళ్ళలోనూ సగంమంది రాత్రి సరిగ్గా పడుకుని ఉండరు.