ల్యాప్‌టాప్ లాక్కునే ముందు

మన ఇళ్లలో పిల్లాడు మైన్‌క్రాఫ్ట్ ముందు కూర్చుంటే చాలు, ‘వక్త్ బర్బాద్’ అని ఫత్వా వచ్చేస్తుంది. రాత్రంతా ఆడి ఫజ్ర్ నమాజ్ పోగొట్టుకునేవాడి తరఫున నేను వకాలత్ చేయను. కానీ ఆడేవాడు వేరు, దోస్తులంతా ఆడుకోవడానికి సర్వర్ నిలబెట్టేవాడు వేరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం ఇన్సాఫ్ కాదంటాను.

ఆ రెండోవాడి పని చూడండి. సర్వర్‌ను కంటైనర్‌లో పెట్టి కుబర్నెటిస్‌కు అప్పగిస్తాడు. 2014లో గూగుల్ బయటపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ పేరుకు గ్రీకులో చుక్కాని పట్టేవాడని అర్థం. మన జబాన్‌లో నాఖుదా. సర్వర్ నడుస్తుంటుంది, దోస్తులకు మాత్రం కనెక్ట్ కాదు. ఎందుకని? కంటైనర్ ఉండే పాడ్ కిరాయిదారు లాంటిది. ఒకటి పోయి మరొకటి వస్తే ఐపీ అడ్రసు మారిపోతుంది. పక్కా పతా కావాలంటే దాని ముందు ‘సర్వీస్’ పెట్టాలి. మామూలుగా పెడితే అది క్లస్టర్ లోపలివాళ్లకే అందుతుంది. బయటివాళ్ల కోసం నోడ్‌పోర్ట్ తెరిస్తే 30000 నుంచి 32767 మధ్య ఏదో నంబరు వస్తుంది. దోస్తులేమో నంబరు లేకుండా అడ్రసు కొడతారు. జావా ఎడిషన్ వెళ్లి 25565 దర్వాజా తడుతుంది. అక్కడ పలికేవాడుండడు. ఫోన్లలో ఆడే బెడ్‌రాక్ అయితే పోర్టు 19132. అదీ టీసీపీ కాదు, యూడీపీ. వాల్యూమ్ వేరుగా పెట్టకపోతే పాడ్ పోయిన రోజున కట్టిన కోటలన్నీ మాయం.

ఇవన్నీ లాగ్‌లు చదువుతూ, సబర్‌తో ఒక్కొక్కటే పట్టుకోవాలి. ఇదే పాఠాన్ని ‘క్లౌడ్ కోర్సు’ అని బోర్డు పెట్టి చెబితే అప్పు చేసి ఫీజు కడతాం. ఇంట్లో ముఫ్త్‌గా నేర్చుకుంటే ఆవారా అంటాం. సర్టిఫికెట్ ఉంటేనే ఇల్మా? మన మెకానిక్ షెడ్లలో ఎంతమందికి సర్టిఫికెట్ ఉంది? ఇంజిన్ విప్పి బిగించేవాడిని ఉస్తాద్ అని పిలిచి సలాం కొట్టడం లేదూ? బేటీ ఇదే పని నేర్చుకుంటానంటే అసలు ల్యాప్‌టాపే ఇవ్వం. అది ఇంకా పెద్ద జుల్మ్.

అజ్నబీలు వస్తారని భయమా? భయం సహీ. అయితే లాక్కోకండి, అడగండి: “ఈ దర్వాజా ఎవరెవరికి తెరిచావు బేటా? వైట్‌లిస్ట్ పెట్టావా? బ్యాకప్ తీశావా?” జవాబు చెబితే వాడి చేతిలో హునర్ ఉన్నట్టే, కూర్చోనివ్వండి. చెప్పలేకపోతే ఇషా తర్వాత ల్యాప్‌టాప్ మూయించండి. అప్పుడు నేనూ మీ వైపే.