అమ్మేటప్పుడు తెలుగు, హెచ్చరించేటప్పుడు ఆంగ్లమా?



ఈ వ్యాసం చదివే ముందు ఒక్క నిమిషం లేచి, మీ స్నానాల గదిలోని ఫినాయిల్ సీసాను, మరుగుదొడ్డి కడిగే ద్రవాన్ని, బల్ల మీది శానిటైజర్‌ను తెచ్చి ఎదురుగా పెట్టుకోండి. ముందువైపు ఏమి కనిపిస్తున్నది? తళతళలాడే నేల, ఒక నిమ్మకాయో మల్లెపువ్వో, "99.9 శాతం క్రిములు హతం" అనే అర్థం వచ్చే పెద్ద అక్షరాలు. ఇప్పుడు వెనుకకు తిప్పండి. "పొరపాటున తాగితే ఏమి చేయాలి?" అన్న ప్రశ్నకు జవాబు వెతకండి. చీమల బారు వంటి ఆ అక్షరాలలో అది మీకు దొరకవచ్చు. తరువాత అదే సీసాను మీ అమ్మగారి చేతికో, మీ ఇంటి పనికి వచ్చే ఆమె చేతికో ఇచ్చి, అదే జవాబు వెతకమనండి.

నేను ఎందుకు ఈ పరీక్ష పెడుతున్నానో చెబుతాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే రోజులలో ఒక రాత్రి నాలుగేళ్ల పిల్లవాణ్ణి తీసుకువచ్చారు. మరుగుదొడ్డి కడిగే ఆమ్లాన్ని రెండు గుక్కలు తాగాడు. పెదవులు, నాలుక తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి. తల్లి అప్పటికే ఉప్పునీళ్లు పట్టి రెండుసార్లు వాంతి చేయించింది. విషం తాగినవారికి అలా చేయాలని ఆమె చిన్నప్పటినుంచి విన్నది. ఆమ్లం విషయంలో అది ప్రాణాంతకమైన పొరపాటు. దిగేటప్పుడు ఒకసారి కాల్చిన ఆమ్లం, పైకి వచ్చేటప్పుడు అన్నవాహికను మళ్లీ కాలుస్తుంది. ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమూ ఉంటుంది.

ఆమె బుద్ధిమంతురాలు. సీసాను చెంగులో చుట్టుకుని వెంట తెచ్చింది. తెలుగు మాధ్యమంలో పదవ తరగతి చదివినది. "సార్, దీనిమీద ఏమైనా రాసి ఉన్నదా?" అని అడిగింది. కళ్లజోడు సవరించుకుని, దీపం కిందకు వెళ్లి చదివాను. రాసి ఉన్నది. వాంతి చేయించరాదని స్పష్టంగానే రాసి ఉన్నది. ఆంగ్లంలో, అడుగున, ధరకూ తయారీదారు చిరునామాకూ మధ్య.

ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్లవాడు బతికాడు. కాని అన్నవాహిక కుంచించుకుపోయి, అన్నం ముద్ద దిగక, నెలల తరబడి దానిని సాగదీసే చికిత్సకు తిరిగాడు. వచ్చిన ప్రతిసారీ ఆ తల్లి నన్ను చూసేది; నాకు మాత్రం ఆ సీసా కనిపించేది.

చట్టప్రకారం ఆ సీసాలో లోపం లేదు. ఇక్కడే నా అభ్యంతరం. పొట్లాలలో అమ్మే సరుకులకు వర్తించే 2011 నాటి తూనికలు, కొలతల నియమాలు ఏమంటున్నాయో చూడండి. తయారీదారు పేరు, పరిమాణం, ధర వంటి తప్పనిసరి వివరాలు హిందీలో గాని, ఆంగ్లంలో గాని ఉండాలి. వేరే భాషలో కూడా వేసుకుంటే అభ్యంతరం లేదు. అంటే తెలుగు వేయడం సంస్థ దయ. వేయకపోవడం సంస్థ హక్కు.

మన దేశంలో ఇంతకంటె మేలైన నియమం లేదా అంటే, ఉన్నది. రైతు ఇంటికి వెళ్లి పురుగుమందు డబ్బా చూడండి. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం దాని లేబుల్ హిందీ, ఆంగ్లాలతో పాటు ఆ సరుకు అమ్ముడుపోయే ప్రాంతపు భాష ఒకటి రెండింటిలో కూడా ఉండి తీరాలి. దానిమీద మూలమీద నిలబెట్టిన ఒక చతురస్రం ఉంటుంది. అడుగు సగం ఎరుపైతే అత్యంత విషపూరితం, తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆ గుర్తు లేబుల్ ముఖభాగంలో పదహారవ వంతుకు తగ్గరాదని కూడా నియమం చెబుతున్నది. విరుగుడు ఏమిటో తెలపాలి. అక్షరం రాని కూలీ కూడా ఎర్ర గుర్తు చూసి చేయి వెనక్కు తీసుకుంటాడు.

పొలంలో వాడే విషానికి అర్ధ శతాబ్దం కిందటే ఈ జాగ్రత్త తోచింది. పాకే పిల్లలు తిరిగే ఇంట్లో, నేల మీదనే పెట్టే ఆమ్లానికీ, ఫినాయిల్‌కూ, బ్లీచింగ్ ద్రవానికీ ఎందుకు తోచలేదు?

కారణం ఒకటి ఉన్నది. శానిటైజర్ ఔషధ చట్టం కిందకు వస్తుంది. నల్ల ఫినాయిల్, తెల్ల ఫినాయిల్ వంటి ద్రవాలకు అదే చట్టపు నియమావళిలో 'షెడ్యూల్ ఓ' అని వేరే అధ్యాయం ఉన్నది. పురుగుమందుకు ఇంకొక చట్టం. ధర, తూకాలకు మరొకటి. చట్టాలు నాలుగు గదులలో కాపురం ఉంటున్నాయి. మన ఇంట్లో మాత్రం ఆ సీసాలన్నీ ఒకే అరలో ఉంటాయి. పిల్లవాడికి ఏది ఏ చట్టం కిందిదో తెలియదు.

సంస్థల వాదన నాకు తెలియనిది కాదు. "ఇన్ని భాషలలో అచ్చు వేయడానికి చోటు లేదు, ఖర్చు ఎక్కువ" అంటారు. అయ్యా, ఇదే ద్రవాన్ని మాకు అమ్మడానికి టెలివిజన్‌లో తేనెలొలికే తెలుగు మాట్లాడుతున్నారు. తెలుగు నటుల చేత చెప్పిస్తున్నారు. రోడ్డు పక్కన తాటికాయంత తెలుగు అక్షరాలతో బోర్డులు పెడుతున్నారు. మా జేబు తెరిపించవలసినప్పుడు వచ్చిన తెలుగు, మా పిల్లవాడి ప్రాణం కాపాడవలసినప్పుడు రాకుండా పోయిందా? చోటు లేదంటారా, నిమ్మకాయ బొమ్మను సగానికి తగ్గించండి. సిగరెట్ పెట్టె మీద 85 శాతం భాగాన్ని హెచ్చరికకు వదలమంటే ఆ పరిశ్రమ కూడా కుదరదన్నది. 2016 ఏప్రిల్ నుంచి కుదిరింది.

"జనం లేబుల్ చదవరు, రాసి ఏమి ప్రయోజనం?" అన్నది రెండవ వాదన. ఆహార పొట్లం మీది పచ్చని చుక్కను చూడకుండా కొనే శాకాహారి ఎవరైనా ఉన్నారా? ఆ చుక్కను గుర్తించడానికి ఎవరూ బడికి వెళ్లలేదు. ఒకే చోట, ఒకే రంగులో, ప్రతి పొట్లం మీదా కనిపించినందువల్ల కళ్లకు అలవాటైంది. చదవరని చెప్పేవారు చదవదగినట్లు ఒక్కసారి అచ్చు వేసి, ఆ తరువాత మాట్లాడాలి.

భాష ఒక్కటే సరిపోదు. రాసే మాటలో నిజం సంపూర్ణంగా ఉండాలి. "ఆల్కహాల్" అన్న ఒక్క మాటనే తీసుకోండి. ఇథనాల్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మిథనాల్ మూడూ ఆల్కహాల్ కుటుంబంలోనివే. చేతులు శుభ్రం చేయడానికి మొదటి రెండూ పనికివస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మిశ్రమంలో ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75 శాతం ఉంటుంది. మిథనాల్ శానిటైజర్‌లో ఉండనే కూడదు. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. తాగిన వెంటనే పెద్దగా తెలియదు. తరచుగా 12 నుంచి 24 గంటల తరువాత చూపు మసకబారి, ఆయాసం వచ్చి, మనిషి కూలిపోతాడు. అందుకే "ఆల్కహాల్ ఉన్నది" అని రాయడం, ఏ ఆల్కహాలో రాయకపోవడం అర్ధసత్యం.

కరోనా కాలంలో ఈ అర్ధసత్యం ఎక్కడికి దారి తీయగలదో మనం చూశాము. 2020 జూలై 27న కేంద్రం శానిటైజర్ అమ్మడానికి లైసెన్సు అవసరం లేదని ప్రకటించింది. అందరికీ అందుబాటులోకి రావాలన్న ఉద్దేశంలో తప్పు లేదు. అదే వారం చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడి ఉండగా, అలవాటు పడినవారు శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ ప్రకటన వల్లనే ఇది జరిగిందని నేను అనను. లేబుల్ బాగుంటే వారందరూ బతికేవారనీ అనను. వ్యసనానికి లేబుల్ మందు కాదు. కాని కూలి డబ్బులతో బతికే మనిషి "ఆల్కహాల్" అన్న మాటను సారా అని అర్థం చేసుకుంటే, ఆ అర్థాన్ని ఖండించే పుర్రె గుర్తు గాని, "తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది" అన్న తెలుగు వాక్యం గాని సీసా ముందువైపు ఉండవలసిన బాధ్యత ఎవరిది?

ఇక 99.9 సంగతి. ప్రయోగశాలలో, కొన్ని ఎంపిక చేసిన క్రిముల మీద, నిర్ణీత మోతాదులో, నిర్ణీత సమయం పాటు ఉంచితే వచ్చే ఫలితం అది. పది లక్షల క్రిములలో 99.9 శాతం చచ్చినా వెయ్యి మిగులుతాయి. పైగా ఎన్ని నిమిషాలు తడిగా ఉండాలో వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. మనం బకెట్ నీళ్లలో ఒక మూత పోసి, తుడిచి, వెంటనే ఫ్యాను వేస్తాము. నేల ఆరిపోతుంది, క్రిములు ఆరోగ్యంగానే ఉంటాయి. ఫలం పెద్ద అక్షరాలలో, షరతు చిన్న అక్షరాలలో ఉంటే దానిని మామూలు భాషలో మోసం అంటారు.

అమెరికాలో నేల, బల్లలు తుడిచే క్రిమినాశినులు పర్యావరణ సంస్థ వద్ద నమోదు కావాలి. ఆ నమోదు సంఖ్య, తీవ్రతను బట్టి "ప్రమాదం", "హెచ్చరిక", "జాగ్రత్త" అన్న సంకేతపదం, "పిల్లలకు అందకుండా ఉంచండి" అన్న వాక్యం, ప్రథమ చికిత్స లేబుల్ మీద ఉండాలి. ఇది మనకు చేతకాని విద్య కాదు. పురుగుమందు డబ్బా మీద మనమూ చేస్తున్నదే.

కాబట్టి నేను కోరుతున్నది కొత్త చట్టం కూడా కాదు. ఉన్న నియమాలకు ఈ సవరణ చాలు: ఇంట్లో వాడే ప్రతి క్రిమినాశిని మీద, శానిటైజర్ మీద, ఆమ్లం మీద రాష్ట్ర భాష తప్పనిసరి కావాలి. ప్రమాద గుర్తు ముందువైపు ఉండాలి. మూలపదార్థం పేరు, శాతం స్పష్టంగా ఉండాలి. ఎంత నీటికి ఎంత కలపాలి, ఎన్ని నిమిషాలు ఉంచాలి, దేనితో కలపకూడదు అన్నవి ఉండాలి. తాగితే, కంట్లో పడితే ఏమి చేయాలో చదవగల సైజులో ఉండాలి. లేబుల్ లేకుండా పాత కూల్‌డ్రింకు సీసాలలో ఆమ్లం, ఫినాయిల్ పోసి వీధులలో అమ్మడం ఆగాలి. ఆ అమ్మకందారుడు పేదవాడే. అతనికి లేబుల్ అంటించిన సీసా సరఫరా చేయించే బాధ్యత తయారుచేసేవాడి మీద పెట్టాలి.

ప్రభుత్వాలు కదిలేదాకా మీ ఇల్లు ఆగనక్కరలేదు. ఈ రోజే ఒక మార్కర్ పెన్ను తీసుకుని ప్రతి సీసా మీద "విషం" అని తెలుగులో పెద్దగా రాయండి. నీళ్ల సీసాలలో, కూల్‌డ్రింకు సీసాలలో వీటిని ఎన్నడూ పోయకండి. నీళ్లలో కలిపిన తెల్ల ఫినాయిల్ పాలలాగే ఉంటుంది. బ్లీచింగ్‌ను మరుగుదొడ్డి ఆమ్లంతో కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. పిల్లలు తాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, నిమ్మరసం పట్టకండి. నోరు నీళ్లతో కడిగి, 108కి ఫోను చేసి, సీసాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. కంట్లో, ఒంటి మీద పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడగండి.

ఆ తరువాత ఇంకొక పని చేయండి. సీసా మీద వినియోగదారుల ఫోను నంబరు ఉంటుంది. చేసి, "మీ హెచ్చరిక తెలుగులో ఎందుకు లేదు?" అని తెలుగులోనే అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు చెప్పండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. వెయ్యిమంది అడిగితే నిమ్మకాయ బొమ్మ పక్కన చోటు దొరుకుతుంది.

ఆ తల్లి ఆ రాత్రి అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంకొక తల్లికి ఆ ప్రశ్న అడగవలసిన అవసరం రాకూడదు. సీసా మీద ఉన్నది ఆమె తానే చదువుకోగలగాలి.